ఆరో తరగతికి వచ్చేసరికి “నాకు బొమ్మలు రావు సార్” అంటున్నారు. ఏం చేయాలి?

కాలవగట్టు | జులై 12, రాత్రి 8.15

నమస్కారం. కృష్ణా జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో పార్ట్‌టైమ్ డ్రాయింగ్ ఇన్‌స్ట్రక్టర్‌ని. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, ఎండాకాలంలో 42 రోజుల టీటీసీ (టీచర్ శిక్షణ) కూడా చేశాను. బడిలో చేరి నెల అయింది. ఆరు నుంచి ఎనిమిది దాకా నావే. పక్కనే ఉన్న ప్రాథమిక పాఠశాల పిల్లల్ని కూడా అప్పుడప్పుడూ నా మీదకు తోలుతారు.

ఇవాళ ఆరో తరగతిలో 52 మందికి తలా ఒక కాగితం ఇచ్చి, మన ఊరి చెరువు వేయమన్నాను. ముప్పై మందికి పైగా ఏం వేశారో ఊహించండి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కిందికి వంకర్లు తిరుగుతూ నది, ఒడ్డున కొబ్బరిచెట్టు, ఒక గుడిసె, ఆకాశంలో నాలుగు టిక్కు మార్కు పక్షులు. మాది డెల్టా. కొండ చూడాలంటే బెజవాడ పోవాలి! మిగతావాళ్లలో పదిమంది “నాకు బొమ్మలు రావు సార్” అని తెల్లకాగితం చేతికిచ్చారు.

మూడో తరగతి పిల్లలకు ఇదే పని ఇస్తే కాగితం చాలలేదు. చెరువులో చేపలు, చేప కడుపులో ఇంకో చేప, గట్టు మీద వాళ్ల నాయనమ్మ. ఈ మూడేళ్లలో వీళ్లకు ఏమవుతోంది? ఎనిమిదో తరగతి వాళ్లయితే “మీరు బోర్డు మీద వేయండి సార్, చూసి వేస్తాం” అంటున్నారు. టీటీసీలో పాఠం చెప్పే పద్ధతులు చదివాను గానీ దీనికి జవాబు ఎక్కడా తగల్లేదు.

లెక్కలబాబు | జులై 12, రాత్రి 8.32

కొండల మధ్య సూర్యుడా! నేనూ అదే వేశాను, మా నాన్నా అదే వేశాడు. వంశపారంపర్యం అండీ అది.

పాతసుద్దముక్క | జులై 12, రాత్రి 9.40

బాబూ, ఆ సీనరీ నేరం నాది. రిటైరై ఆరేళ్లయింది కాబట్టి ఒప్పుకుంటున్నాను. అరవైమంది పిల్లలు, నలభై నిమిషాలు, అందరి బొమ్మా గంట కొట్టేలోపు పూర్తవ్వాలి, ఇన్‌స్పెక్షన్‌కి గోడ మీద పెట్టాలి. అంతకంటే సులువైన బొమ్మ లేదు. దాన్ని బోర్డు మీద ఇరవై ఏళ్లపాటు వేశాను.

మీరు అడిగిన మూడేళ్ల సంగతి చెబుతాను. చిన్నపిల్లలు చూసింది వేయరు, తెలిసింది వేస్తారు. బస్సు వేస్తే లోపల కూర్చున్నవాళ్ల కాళ్లు కూడా కనబడతాయి. అమ్మ బొమ్మలో కడుపులో పాపాయి కనబడుతుంది. చేప కడుపులో చేప కూడా ఆ లెక్కే. ఇష్టమైన మనిషిని పెద్దగా వేస్తారు, పక్కన ఇల్లు అగ్గిపెట్టెంత ఉన్నా వాళ్లకు ఇబ్బంది లేదు. కాగితం అడుగున నేల గీత, పైన ఆకాశం గీత, మధ్యదంతా ఖాళీ.

తొమ్మిది పదేళ్లకు కన్ను తెరుచుకుంటుంది. ఆకాశం నేలను తాకుతోందని, వెనక ఉన్న చెట్టును ముందున్న ఇల్లు కప్పేస్తుందని గమనిస్తారు. పన్నెండో ఏడు వచ్చేసరికి బొమ్మ అచ్చం అసలులా ఉండాలని పట్టుదల. కన్ను పరుగెత్తుతుంది, చెయ్యి వెనకపడుతుంది. ఆ తేడా వాడికి స్పష్టంగా కనబడుతుంది. పక్కవాడు నవ్వుతాడు. అప్పుడే వాడు “నాకు రాదు” అనేస్తాడు, లేదా ఎవరూ తప్పు పట్టలేని కొండల సీనరీ వెనక దాక్కుంటాడు. ఈ దశలకు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1940లలోనే పేర్లు పెట్టాడు. పేర్లతో మనకు పని లేదు గానీ, వయసు లెక్కలు మాత్రం మన పిల్లలకు దాదాపు సరిపోతాయని నా సర్వీసులో చూశాను.

అంచేత మూడో తరగతికిచ్చిన పని ఆరో తరగతికి ఇవ్వకండి. మూడో తరగతివాడికి “చెరువు” అనే మాట చాలు, కథ అల్లుకుంటాడు. ఆరో తరగతివాడికి చెరువే కావాలి. కళ్లెదురుగా ఉండాలి.

పలకాబలపం | జులై 12, రాత్రి 10.05

మాస్టారు చెప్పింది నిజం. నేను ప్రాథమికంలో ఒకటి, రెండు చెబుతాను. మా దగ్గర జరిగే పాడు ఇంకోటి ఉంది, అచ్చు గీతల్లో రంగులు నింపే పుస్తకం. పిల్లలు గంటసేపు కదలకుండా కూర్చుంటారని తల్లిదండ్రులకూ ఇష్టం, మాకూ ఇష్టం. ఆర్నెల్లు అది చేసిన పిల్లకు తెల్లకాగితం ఇస్తే “ఏనుగు గీసివ్వండి టీచర్, రంగేస్తాను” అంటుంది. నాలుగేళ్లప్పుడు అదే పిల్ల తనంతట తనే ఏనుగు గీసేది. ఊదారంగులో, ఏడు కాళ్లతో.

ఆ వయసులో నేను చేసేవి ఇవే: ఇసుకలో వేలితో గీతలు, తడిమట్టి, పలక. పలక మంచిదెందుకంటే చెరిపేస్తే పోతుంది, ఎవరూ మార్కులు వేయలేరు. బొమ్మ చూపిస్తే “ఇదేంటి?” అని అడగను. “దీని గురించి చెప్పమ్మా” అంటాను. ఇదేంటి అన్నామంటే, మనకు అర్థం కాలేదని వాళ్లకు తెలిసిపోతుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ | జులై 13, ఉదయం 7.20

మీరందరూ టీచర్లు కాబట్టి ఒకటి చెప్పాలి. మా పెద్దాడు మూడో తరగతిలో ఆకులకు గోధుమరంగు వేశాడు. క్లాసులో నిలబెట్టి నవ్వించారు, చేతి మీద ఒకటి వేశారు కూడా. వాడు తర్వాత రంగుపెట్టె ముట్టలేదు. ఏడో తరగతిలో కళ్లద్దాల కోసం వెళ్తే అప్పుడు బయటపడింది, వాడికి ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. ఆ బడి పేరు వద్దులెండి. కొట్టేముందు అడిగుంటే బాగుండేది.

పలకాబలపం | జులై 13, ఉదయం 7.48

చాలా బాధనిపించిందమ్మా. అది ఆడపిల్లలకంటే మగపిల్లల్లోనే ఎక్కువ. క్రేయాన్ల మీది కాగితం చింపి పారేయకుండా, దానిమీద రంగు పేరు తెలుగులో రాసి ఉంచితే అలాంటి పిల్లలు చదువుకుని తీసుకుంటారు. ఇవాళే మా పెట్టెల మీద రాస్తాను.

నకాషీమనవడు | జులై 13, ఉదయం 9.10

ఒక మాట అడ్డం చెప్తా, కోపం చేయకండి. చూసి వేయడం అంత తప్పా? మా తాతల కాలం నుంచి చేర్యాల పటాలే, అంటే బట్ట మీద కథల బొమ్మలు వేయడమే మా పని. బట్టకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూత పూసి ఆరబెడతాం. ఎర్ర నేల మీద బొమ్మలు. నేను ఎనిమిదేళ్లప్పుడు మా నాయిన గీసిన కన్నును రెండు నెలలు చూసి గీశాను. కన్ను ఒక్కటే! దాంతోనే చెయ్యి తిరిగింది. “స్వేచ్ఛగా గీయి బిడ్డా” అని వదిలేసి ఉంటే ఇవాళ ఏమీ వచ్చేది కాదు. పెద్ద పిల్లలు బోర్డు మీద చూసి వేస్తామంటే, వాళ్లకు చెయ్యి తిరగాలని ఉందన్నమాట.

లెక్కలబాబు | జులై 13, ఉదయం 9.31

ఇప్పుడు రసవత్తరంగా ఉంది. సుద్దముక్క మాస్టారూ, రండి.

పాతసుద్దముక్క | జులై 13, మధ్యాహ్నం 2.15

నకాషీ బాబు చెప్పినదాంట్లో తప్పు లేదు. అయితే వాళ్ల నాయన పక్కన కూర్చున్నాడు. గీత ఎక్కడ మొదలెట్టాడు, కుంచె ఎక్కడ నొక్కాడు, ఎక్కడ తేల్చాడు అన్నది ఈ పిల్లవాడు చూశాడు. పని ఎలా జరుగుతుందో చూసి నేర్చుకున్నాడు. నేను బోర్డు మీద వేసిన సీనరీలో పిల్లలకు దొరికింది పూర్తయిన ఫలితం ఒక్కటే. అందులో నేర్చుకునేదేం లేదు. మీ ఇంట్లో ఆ కన్నుకు కథ ఉంది, పటం విప్పి పాడేవాళ్లు ఉన్నారు, ఎందుకు అలాగే ఉండాలో కారణం ఉంది. నా కొండకు ఏ కారణం ఉంది?

మన దగ్గర పిల్లవాడి చేతిని కనిపెట్టిన పెద్దలు లేకపోలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే, తర్వాత చిత్రకారులుగా పేరు తెచ్చుకున్న దామెర్ల రామారావును, అడివి బాపిరాజును అలా గుర్తుపట్టి చేయిపట్టుకున్నాడు. రామారావు 1916లో బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరాడు, తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. మీ జిల్లాలోనే బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ బొమ్మలు నేర్పాడు. బాపిరాజు ఆయన శిష్యుడే. అందరికీ కూల్డ్రే దొరకడు కదా, 52 మందికి మనమే దిక్కు.

లెక్కలబాబు | జులై 13, మధ్యాహ్నం 3.02

ఇక నా వంతు. ఐదు నుంచి ఏడు దాకా ముగ్గు వాడండి మాస్టారూ. “నాకు రాదు” అనే పిల్లకు చుక్కలు ధైర్యం. సందు చుక్క (ఒక వరుస చుక్కల సందుల్లో తర్వాతి వరుస చుక్కలు), మధ్య వరుస 9, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గిస్తూ 5 దాకా. మొత్తం ఎన్ని చుక్కలో ముందు చెప్పమంటాను. 9, దానికి 8, 7, 6, 5 రెండేసిసార్లు. 61. ఆరు మూలల ఆకారం వస్తుంది. అద్దం పెడితే ఎక్కడ సగమవుతుంది, ఎంత తిప్పితే మళ్లీ అదే కనబడుతుంది అని అడిగితే నా సౌష్ఠవం పాఠం అక్కడే అయిపోతుంది.

మెలిక ముగ్గు ఇంకా గట్టిది. చెయ్యి ఎత్తకుండా చుక్కల చుట్టూ తిరిగి మొదలెట్టిన చోటుకు రావాలి. మొదట్లో మగపిల్లలు “ఇది ఆడాళ్ల పని” అన్నారు. పోటీ పెట్టాను, ఒక్కడికీ పూర్తి కాలేదు. మర్నాడు ముగ్గురు వాళ్లమ్మల దగ్గర నేర్చుకుని వచ్చారు. వాళ్ల పేర్లు చెప్పను, పరువు పోతుంది.

లీడ్స్_లక్ష్మి | జులై 13, సాయంత్రం 6.40

నేను ఇంగ్లండ్‌లో సెకండరీ స్కూల్లో ఆర్ట్ చెబుతున్నాను, మాది తెనాలి. ఇక్కడా పదకొండేళ్ల పిల్లలు అదే మాట అంటారు, ఇంగ్లీషులో. కొండలకు బదులు కార్టూన్ కళ్లు వేస్తారు, అంతే తేడా.

పద్నాలుగేళ్ల దాకా ఇక్కడ ఆర్ట్ అండ్ డిజైన్ అందరికీ తప్పనిసరి, తర్వాత ఇష్టమైనవాళ్లకే. పదహారేళ్లకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షకు ఆర్ట్ తీసుకుంటే 60 శాతం మార్కులు పోర్ట్‌ఫోలియోకి, 40 శాతం బోర్డు ఇచ్చిన అంశం మీద చేసే పనికి. ఆ రెండోదానికి వారాలపాటు తయారీ, చివర్లో పర్యవేక్షణలో 10 గంటలు. ఆలోచన ఎలా ఎదిగింది, ఏ సామగ్రి వాడి చూశారు, చూసింది ఎలా నమోదు చేశారు, చివరికి ఏం తెచ్చారు... నాలుగింటికీ సమానంగా మార్కులు. పాడైపోయిన బొమ్మకు కూడా విలువ ఉంటుంది, అది స్కెచ్‌బుక్‌లో ఉంటే.

అయితే దీన్ని నెత్తిన పెట్టుకోకండి. నాకు సింకు ఉన్న గది ఉంది, తరగతికి 28 మంది. పైగా మా పిల్లలు కూడా ముదిరారు. మార్కుల కోసం కావాలని టీ మరకలు పూసి “ప్రయోగం” అని రాసిన పేజీలు బోలెడు చూశాను. మీరు తీసుకోవాల్సింది ఒకటే, తేదీ వేసిన పుస్తకం. జూన్‌లో వేసిన చెప్పు, డిసెంబర్‌లో వేసిన చెప్పు పక్కపక్కన పెట్టి చూపిస్తే “నాకు రాదు” అనే మాట తగ్గుతుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ | జులై 13, రాత్రి 8.55

చెప్పు ఏంటండీ?

లీడ్స్_లక్ష్మి | జులై 13, రాత్రి 9.20

మన్నించాలి, వేసుకునే చెప్పే. తరగతి గది గుమ్మం బయట విప్పుతారుగా. తలా ఒకటి ఎదురుగా పెట్టుకుని, కాగితం వైపు చూడకుండా చెప్పు అంచు వెంబడి కన్ను ఎంత మెల్లగా పోతే పెన్సిలూ అంతే మెల్లగా పోవాలి. బొమ్మ ఎలాగూ వంకరగానే వస్తుంది. అందరిదీ వంకరే కాబట్టి ఎవరూ ఎవర్నీ చూసి నవ్వరు. ఆరో తరగతికి నేను మొదట ఇచ్చేది ఇదే. రబ్బరు ముందే తీసేసుకోండి.

గుంటూరు_గోపి | జులై 14, ఉదయం 8.05

ఇవన్నీ బాగానే ఉన్నాయి. మావాడు పదో తరగతి. బడిలో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు పీరియడ్. దాంట్లో నాకేం అభ్యంతరం లేదు. బొమ్మలు వేసి ఏం చేస్తాడు?

పలకాబలపం | జులై 14, ఉదయం 8.11

లెక్కలబాబు గారూ, మిమ్మల్నే అంటున్నారు.

లెక్కలబాబు | జులై 14, ఉదయం 8.14

నేను ఇప్పటిదాకా రెండుసార్లే తీసుకున్నాను. సరే, మూడు.

డిజైనుపిచ్చి | జులై 14, ఉదయం 11.30

గోపి గారూ, బతుకుతెరువు సంగతి కావాలంటే చెబుతాను. ఆర్కిటెక్చర్‌కి నాటా అనే ప్రవేశ పరీక్ష ఉంది, డిజైన్ నేర్పే ఎన్‌ఐడీ ఆంధ్రలోనే ఉంది, ఫ్యాషన్ నేర్పే నిఫ్ట్ హైదరాబాద్‌లో ఉంది, మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. సీబీఎస్‌ఈ పన్నెండులో పెయింటింగ్ ఒక సబ్జెక్టు, 30 థియరీ, 70 ప్రాక్టికల్. అయితే నేను ఆ వాదన చేయను. వందలో ఇద్దరు ఆ దారిన పోతారేమో. మిగతా 98 మంది జీవితమంతా ఎవరో డిజైన్ చేసిన వస్తువులు వాడతారు. బస్సు మీద బోర్డు చదవలేక తప్పు బస్సెక్కినవాళ్లం మనమే.

కాలవగట్టు గారూ, ఎనిమిదో తరగతికి బొమ్మ నుంచి డిజైన్ వైపు తిప్పండి. ఆ వయసులో “నీ మనసులో ఉన్నది వేయి” అంటే సిగ్గుపడతారు. “ఇదిగో సమస్య, పరిష్కరించు” అంటే ముందుకొస్తారు. నేను చేయించింది చెబుతాను. బడిలో మంచినీళ్ల కుళాయి కట్టకుండా వదిలేస్తున్నారు. దానికి బోర్డు చేయమన్నాను. మొదట అందరూ “నీటిని పొదుపు చేయండి” అని రాసి భూగోళం, చుక్క వేశారు. మళ్లీ కొండల సీనరీయే! అప్పుడు భోజనం బెల్లు కొట్టాక కుళాయి దగ్గర నిలబడి ఎవరు, ఎందుకు వదిలేస్తున్నారో చూసి రమ్మన్నాను. తేలిందేమిటంటే, ఒక చేత్తో పళ్లెం పట్టుకున్న చిన్నపిల్లలకు కుళాయి తిప్పడం అందడం లేదు. ఒక జట్టు బోర్డు మానేసి పళ్లెం పెట్టుకునే చెక్క గీసుకొచ్చింది. వాళ్లకు తెలియకుండానే డిజైనర్లయ్యారు.

ఇంకోటి అక్షరాలు. ఎనిమిదో తరగతి మగపిల్లల నోటుపుస్తకం చివరి పేజీ తిప్పి చూడండి. హీరో పేరు, బైకు. అక్షరాలకు నీడలు, మంటలు. డ్రాయింగ్ రాదన్నవాడే అది వేసి ఉంటాడు. దాన్ని పట్టుకోండి. తలకట్టు ఎంత సాగదీస్తే అక్షరం చెడుతుంది, ‘మ’కూ ‘య’కూ దూరం నుంచి తేడా ఎలా తెలుస్తుంది అని అడగండి. ఫ్లెక్సీలు రాకముందు ఊళ్లో గోడల మీద రాసినాయన ఇంకా ఉంటే ఒక గంట పిలిపించండి.

నకాషీమనవడు | జులై 14, మధ్యాహ్నం 1.20

ఇది ఒప్పుకుంటా. చేతిపనివాళ్లనూ పిలవండి. మీకు పెడన దగ్గరే కదా, కలంకారీ అచ్చులు కొట్టేవాళ్ల పిల్లలు మీ బడిలోనే ఉండొచ్చు. టేకు అచ్చు ఒకటి తెప్పించి, రంగుకొక అచ్చు ఎందుకు కావాలో పిల్లలనే కనుక్కోమనండి. కాకపోతే “మన సంస్కృతి” అని ఉపన్యాసం ఇచ్చి దండ వేసి పంపకండి. అచ్చు చేతికివ్వండి.

పాతసుద్దముక్క | జులై 14, రాత్రి 9.00

కొండపల్లి బొమ్మ ఒకటి విరగ్గొట్టి చూపించేవాణ్ణి నేను. తెల్లపొణికి కర్ర ఎంత తేలికో, చేతులూ తలా విడిగా చెక్కి మక్కు అనే జిగురు ముద్దతో ఎలా అతికారో అప్పుడు తెలుస్తుంది. మా ఆవిడ షోకేసులోవి రెండు అలా పోయాయి. ఆ సంగతి ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు.

కాలవగట్టు | ఆగస్టు 30, రాత్రి 9.25

ఇన్నాళ్లూ జవాబివ్వనందుకు మన్నించండి. ఏడు వారాలు గడిచాయి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

చెప్పుల పాఠం బాగా పనిచేసింది. మొదట పకపకా నవ్వారు, తర్వాత పది నిమిషాలు గదిలో చప్పుడు లేదు. నా పీరియడ్‌లో నిశ్శబ్దం అదే మొదటిసారి. ఒక పిల్ల తన చెప్పుకు తెగిన పట్టీ, దానికి పెట్టిన పిన్నీసు కూడా వేసింది. దాన్ని గోడ మీద పెట్టబోతే వద్దంది. ఎందుకో అప్పుడు నాకు తట్టలేదు. ఇంటికెళ్లాక అర్థమైంది. అప్పటి నుంచి గోడ మీద పెట్టేముందు అడుగుతున్నాను.

ఆరో తరగతిని చెరువుకు తీసుకెళ్లాను. 52 మందిని ఒక్కణ్ణే తీసుకెళ్లకూడదని హెడ్‌మాస్టారు గట్టిగా చెప్పారు, పీఈటీ సారు తోడొచ్చారు. గట్టు మీదే కూర్చోబెట్టి, అగ్గిపెట్టె డొక్కు లోంచి చూసి అందులో పట్టినంతే వేయమన్నాను. మొత్తం చెరువు వేయనక్కర్లేదు అనేసరికి సగం భయం పోయింది. ఒకడు రేవు మెట్లు, దాని మీద నీళ్ల సీసా మాత్రమే వేశాడు. తెల్లకాగితం ఇచ్చిన పదిమందిలో ఒకడు గట్టు మీది డీజిల్ ఇంజను వేశాడు. బోల్టు బోల్టూ. వాళ్ల నాన్న మెకానిక్కట. “బొమ్మలు రావన్నావుగా?” అంటే “ఇది బొమ్మ కాదు సార్, ఇంజను” అన్నాడు. అయినా ఆరుగురు చెరువు ముందే కూర్చుని కొండలు వేశారు. ఏం చేయను!

రంగుల పాఠం ఘోరంగా పోయింది. డబ్బులు లేక ఇంటి రంగులు చేద్దామని పసుపు, సున్నం, జాజు, బొగ్గు తెచ్చాను. పసుపులో సున్నం పడి ఎర్రబడగానే క్లాసంతా ఈలలు. సున్నం చిటికెడు నేనే కలిపాను, పిల్లల్ని ముట్టనివ్వలేదు. పసుపు మాత్రం 30 యూనిఫాముల మీద పడింది. అవి సబ్బుతో ఉతికితే మరకలు ఎర్రగా మారాయి. సోమవారం నలుగురు తల్లులు వచ్చారు. సైన్సు మేడమ్ “ఇది ఆమ్లక్షార పరీక్షండీ” అని నన్ను కాపాడబోయి వాళ్లకు ఇంకా కోపం తెప్పించారు.

ఎనిమిదో తరగతి ఇంకా దారికి రాలేదు. అక్షరాలు బాగా చేశారు. కుళాయి లాంటి సమస్య వెతకమంటే “మా బడిలో సమస్యలే లేవు సార్” అంటున్నారు, హెడ్‌మాస్టారు వింటారని భయం. మార్కుల గొడవ కూడా ఉంది. కో కరిక్యులర్‌లో కళలకు గ్రేడు వేయాలి. ఇంజను కుర్రాడికీ, చక్కగా సీనరీ వేసే పిల్లకీ ఏ లెక్కన వేయాలి?

లీడ్స్_లక్ష్మి | ఆగస్టు 30, రాత్రి 10.10

జులై కాగితం, ఇప్పటి కాగితం పక్కన పెట్టుకుని గ్రేడు వేయండి. ఒకరితో ఒకర్ని పోల్చకండి. ఆ పిల్లకు ఏ గ్రేడు వేసినా, ముందు అగ్గిపెట్టె ఇచ్చి వాళ్ల వంటింటి కిటికీ వేయమనండి.

పాతసుద్దముక్క | ఆగస్టు 30, రాత్రి 10.45

ఎనిమిదివాళ్లకు బడి సమస్య వద్దు. బస్టాపుదో, వాళ్ల ఇంటిదో ఇవ్వండి. పసుపు సంగతికి నవ్వాపుకోలేకపోయాను, ఏమనుకోకండి.

గుంటూరు_గోపి | ఆగస్టు 31, ఉదయం 7.30

ఆ ఇంజను బొమ్మ ఫోటో ఉంటే పెట్టగలరా? మావాడు రాత్రంతా మా బండి ముందు కూర్చుని గీశాడు. వాడికి చూపిస్తాను.

కాలవగట్టు | ఆగస్టు 31, ఉదయం 8.02

పిల్లవాణ్ణి అడిగి పెడతాను. ఒక సహాయం కావాలి, డ్రాయింగ్ షీట్లు కొనలేకపోతున్నాం. బందరులో కానీ గుడివాడలో కానీ ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లెవరైనా తెలుసా? కత్తిరించగా మిగిలిన ముక్కలు చాలు, అరచేతి వెడల్పు ఉన్నా ఫర్వాలేదు. వచ్చే శనివారం లోపు కావాలి, ఏడో తరగతిని కాలవ లాకుల దగ్గరకు తీసుకెళ్తానని మాటిచ్చాను.